మన చిత్రకారులకు బొమ్మ ఎక్కడి నుంచి వస్తుంది?

బొమ్మలబడి

అందరికీ నమస్కారం. నేను ఒక జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో డ్రాయింగ్ మాస్టారిని. పద్దెనిమిదేళ్లుగా ఒక విషయం నన్ను వేధిస్తోంది. ఏ తరగతికి వెళ్లి "మీకు నచ్చిన బొమ్మ వేయండి" అన్నా నలభై కాగితాల మీద ఒకే బొమ్మ వస్తుంది. రెండు కొండలు, వాటి మధ్య సగం సూర్యుడు, అక్కడి నుంచి మెలికలు తిరుగుతూ దిగే ఏరు, ఒడ్డున గుడిసె, గుడిసె పక్కన కొబ్బరిచెట్టు, ఆకాశంలో మూడు అంకెను పడుకోబెట్టినట్టు నాలుగు పక్షులు. మా ఊరి చుట్టూ ఎటు చూసినా వరిచేలే. ఈ పిల్లల్లో చాలామంది కొండను దగ్గరగా చూసి ఉండరు.

పోయిన నెల జిల్లా కేంద్రంలో స్థానిక చిత్రకారుల ప్రదర్శన ఉందంటే వెళ్లాను. కష్టపడి వేసిన బొమ్మలు, చేయి తిరిగినవాళ్లే. కానీ గోడ పొడుగునా చూసుకుంటూ వెళితే పెద్ద బొట్టు పెట్టుకున్న స్త్రీ, భుజాన చిలుక, ఎడ్లబండి, మళ్లీ పెద్ద బొట్టు. బయటికి వచ్చాక మా పిల్లల కొండలే గుర్తుకొచ్చాయి. ఎవరినీ తక్కువ చేయాలని ఈ మాట అనడం లేదు. నాకు నిజంగా తెలుసుకోవాలని ఉంది. మన చిత్రకారులు, పేరున్నవాళ్లయినా మీ ఊళ్లో మీకు తెలిసినవాళ్లయినా, దేన్ని చూసి కుంచె పట్టారు? ఎనిమిదో తరగతి పిల్లలకు చెప్పగలిగే సంగతులు ఉంటే దయచేసి రాయండి.

గౌతమితీరం

మాస్టారూ, మంచి ప్రశ్న వేశారు. మాది రాజమహేంద్రవరం కాబట్టి నేను దామెర్ల రామారావుతోనే మొదలుపెడతాను. మీ పిల్లలకు చెప్పడానికి ఆయన కథను మించింది లేదు.

1897లో ఈ ఊళ్లో పుట్టాడు. చదువు కన్నా బొమ్మల మీదే ధ్యాస. ఇక్కడి ప్రభుత్వ కళాశాల ప్రిన్సిపాల్ ఆస్వాల్డ్ కూల్డ్రే ఆ కుర్రవాడి చేతిలో ఏముందో కనిపెట్టాడు. ఆయన ఇంగ్లండు నుంచి వచ్చినవాడు, స్వయంగా బొమ్మలు వేసేవాడు, కవిత్వం రాసేవాడు. అయినా "మా దేశపు బొమ్మలు చూసి వేయి" అని చెప్పలేదు. శిష్యులను వెంటబెట్టుకుని అజంతా తీసుకెళ్లాడు. తర్వాత 1916లో రామారావు బొంబాయి జె.జె. చిత్రకళాశాలలో చేరడానికి కారణం కూడా ఆయనే. అడివి బాపిరాజు కూడా ఆ గురువు దగ్గరే కళ్లు తెరుచుకున్నవాడు.

ఇక నా మాట. రామారావు బొమ్మలున్న గ్యాలరీ మా ఊళ్లోనే ఉంది. చిన్నప్పటి నుంచి ఎన్నిసార్లు వెళ్లానో లెక్కలేదు. మొదట్లో 'సిద్ధార్థ రాగోదయం', 'పుష్పాలంకరణ' ముందు నిలబడి "ఎంత అందంగా వేశాడు" అనుకునేవాణ్ని, అంతే. పెద్దయ్యాక ఒకసారి వెళ్లినప్పుడు ఆ స్త్రీలు నిలబడిన తీరు మీద చూపు ఆగింది. నడుము ఒక పక్కకు వాలడం, మెడ వంచడం, చేతివేళ్లు విప్పడం. ఆ ఒంపు అజంతా గోడల మీద ఉన్నదే. అదే సమయంలో రేవులో బిందె చంకన పెట్టుకుని మెట్లెక్కే మా గోదావరి ఆడవాళ్లదీ ఆ ఒంపే. ఆయన అజంతాను కాపీ కొట్టలేదు. అజంతా చూసి వచ్చిన కంటితో సొంత ఊరి రేవును చూశాడు. నాకు అర్థమైనంతలో ఆయన ప్రేరణ అక్కడుంది.

1925 ఫిబ్రవరిలో మశూచితో పోయాడు. ఇరవై ఏడేళ్లు. చనిపోయేలోపే ఊళ్లో చిత్రకళాశాల పెట్టాడు. ఆ తర్వాత దాన్ని వరదా వెంకటరత్నం నిలబెట్టారు.

ఎర్రసుద్ద

నేను హైదరాబాదులో ఉంటాను, బొమ్మలు వేయడమే బతుకుతెరువు. మాస్టారు చూసిన ప్రదర్శనలో నా బొమ్మ లేదు కానీ ఉంటే అదీ అలాంటిదే అయ్యేది. అందుకే ఈ మాట చెప్పే హక్కు నాకుందనుకుంటున్నాను.

పెద్ద బొట్టు స్త్రీ అనగానే అందరికీ తోట వైకుంఠం గుర్తుకొస్తారు. ఆయన 1942లో కరీంనగర్ జిల్లా బూరుగుపల్లిలో పుట్టారు. ఆ స్త్రీలు ఆయనకు ఏదో సంతలో దొరికినవాళ్లు కాదు. మొదట వాళ్లమ్మ. ఆ తర్వాత చిన్నప్పుడు ఊళ్లోకి వచ్చిన నాటకాల మేళంలో ఆడవేషం కట్టిన మగవాళ్లు. ఈ రెండో సంగతి మీ పిల్లలకు తప్పకుండా చెప్పండి. ముఖానికి దట్టంగా రంగు, పెద్ద బొట్టు, కళ్ల చుట్టూ కాటుక, దీపాల వెలుగులో మెరిసే చీర. ఆ బొమ్మల్లో స్త్రీలు మామూలు కన్నా నిండుగా, కొంచెం రంగస్థలం మీద నిలబడినట్టు ఎందుకుంటారో ఇది తెలిస్తే అర్థమవుతుంది. బరోడాలో చిత్రకారుడు కె.జి. సుబ్రహ్మణ్యన్ దగ్గర చదువుకుని వచ్చాక, అక్కడ నేర్చిన దాన్ని తన ఊరి జ్ఞాపకంతో కలిపితే ఆ బొమ్మ పుట్టింది. ఏళ్లు పట్టింది.

మేము మాత్రం ఆ ఫలితాన్ని ఎత్తుకొచ్చాం. నేనూ ఎత్తుకొచ్చాను. కొనేవాళ్లు అదే అడుగుతారు. ఒకసారి ఒక పెద్ద హోటలు వాళ్లు గదుల కోసం పన్నెండు బొమ్మలు కావాలన్నారు. నేను మా బస్తీ మేడల మీద నీళ్ల ట్యాంకుల వరుస వేసి చూపించాను. చూసి, "తెలంగాణ కనబడాలి కదండీ" అన్నారు. నా బస్తీ తెలంగాణలో లేదా? చివరికి పన్నెండు బొట్లు పెట్టి ఇచ్చాను. ఇంటి అద్దె కట్టాలి. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

సిద్దిపేటవాసి

ఎర్రసుద్ద గారూ, మీ బాధ అర్థమైంది. కానీ పల్లెను వేయడమే పాతబడిపోయిందన్న అభిప్రాయం ఎవరికీ కలగకూడదని రాస్తున్నాను.

మా కాపు రాజయ్య గారు 1925లో పుట్టి 2012లో పోయారు. బడిపంతులుగా పనిచేశారు. పేరు వచ్చాక కూడా సిద్దిపేట వదిలి వెళ్లలేదు. బోనాలు, కోలాటం, ఎల్లమ్మ జోగి... ఇవన్నీ ఆయనకు 'విషయాలు' కావు. కిటికీ తీస్తే కనబడేవి, చెవిన పడేవి. అంతకన్నా ముఖ్యమైన సంగతి ఇంకొకటి ఉంది. నకాషీ బొమ్మల చేరియాల మాకు దగ్గరే. ముఖాన్ని పక్క నుంచి చూపడం, గీతను గట్టిగా మూయడం, రంగును చదునుగా పరవడం ఆ పటాల నుంచి ఆయన చేతిలోకి వచ్చాయి. పక్క ఊరి పనివాళ్లను గురువులుగా చూసిన మనిషి. 1963లో లలిత కళా సమితి పెట్టి ఊరి పిల్లలకు బొమ్మలు నేర్పారు. మా మేనమామ కూడా అక్కడే కుంచె పట్టుకున్నాడు.

చేరియాల పటం గురించి తెలియనివాళ్ల కోసం కొంచెం చెబుతాను. బట్టకు గంజి, సుద్దమట్టి, ఉడికించి రుబ్బిన చింతగింజల అంబలి, జిగురు కలిపి పూత మీద పూత వేస్తారు. ఆరాక గట్టిపడుతుంది కానీ చుడితే చుట్టుకుంటుంది. వెనుక ఎర్రని నేల. ఆ ఎరుపు ఇంగిలీకం అనే రంగు. మూడడుగుల వెడల్పుతో, పదుల అడుగుల పొడుగుతో కథంతా అంచెలంచెలుగా దిగుతుంది. పద్మశాలీల పురాణం చెప్పడానికి కూనపులి వాళ్లు వస్తారు, ముదిరాజులకు పాండవుల కథ చెప్పడానికి కాకిపడగల వాళ్లు వస్తారు. ఒక్కొక్క కులానికి ఒక్కొక్క కథ, ఒక్కొక్క పటం. చెప్పేవాడు కర్రతో చూపిస్తూ రాత్రంతా పాడతాడు. అంటే ఆ చిత్రకారుడికి ప్రేరణ ఏమిటంటే, ఎదురుగా కూర్చుని వినే జనం. వెనుక వరసలో కూర్చున్న ముసలామెకు కూడా దీపం వెలుతురులో ఎవరు రాజో ఎవరు బంటో తెలియాలి. అందుకే అంత ఎరుపు, అంత గట్టి గీత.

కలంకారిపని

నేను చదువుకున్న చిత్రకారిణిని కాను. శ్రీకాళహస్తిలో మా అత్తగారింట్లో కలంకారి పని చేస్తాం. పైన అందరూ కంటికి కనబడినదే ప్రేరణ అని రాశారు. మా పనిలో చేయి ముందుంటుంది, కన్ను తర్వాత. అది చెప్పాలనిపించింది.

బట్టను కరక్కాయ పొడి కలిపిన గేదెపాలలో ముంచి ఆరబెడతాం. పాలలో కొవ్వు లేకపోతే గీసిన గీత పాకిపోతుంది. చింతపుల్లను కాల్చిన బొగ్గుతో ముందు బొమ్మ గీస్తాం. వెదురు కలానికి ఉన్ని చుట్టి, దారంతో బిగించి, కసిమిలో ముంచుతాం. పాత ఇనుప ముక్కలు బెల్లపు నీళ్లలో నానబెడితే వచ్చేదే కసిమి. కలం మీద వేలితో నొక్కితే ఎంత కావాలో అంతే దిగుతుంది. బట్ట మీద పడేటప్పుడు ఆ నీరు పలచగా ఉంటుంది, కరక్కాయ తగలగానే నల్లగా మారుతుంది. మొదటిసారి నా చేతి కింద గీత నల్లబడడం చూసినప్పుడు కొత్త కోడలిని. అత్తగారు పక్కన కూర్చుని "చూశావా, బట్టే రాసుకుంటోంది" అన్నారు. ఆ మాట ఇప్పటికీ చెవిలో ఉంది.

ఎరుపు ఇంకా విచిత్రం. ఎరుపు రావలసిన చోట మేము వేసేది పటిక నీళ్లు. అప్పుడు ఏ రంగూ కనబడదు. చెట్ల చెక్కలు, వేళ్లు వేసి మరిగించిన నీళ్లలో బట్టను ఉడికిస్తే పటిక ఉన్నచోట ఎరుపు నిలుస్తుంది, లేనిచోట కడిగితే పోతుంది. అంటే వేసేటప్పుడు బొమ్మ మనసులోనే ఉండాలి. స్వర్ణముఖిలో నీళ్లున్న ఏడు రంగు ఒకలా తేలుతుంది, లేని ఏడు ఇంకోలా తేలుతుంది.

ఈ విద్య ఆరిపోయే దశకు వచ్చినప్పుడు 1950ల చివర్లో కమలాదేవి చట్టోపాధ్యాయ చొరవతో ఇక్కడ శిక్షణ కేంద్రం వచ్చింది. మా ఊరి జొన్నలగడ్డ గుర్రప్ప శెట్టి గారికి 2008లో పద్మశ్రీ ఇచ్చారు. మేము రామాయణం వేస్తాం, భారతం వేస్తాం. కథ అందరికీ తెలిసిందే. నాకు ఉత్సాహం కలిగేది మాత్రం అంచు దగ్గర. లతలు, పువ్వులు, చిలుకలు ఎట్లా తిప్పాలన్నది మన ఇష్టం. రాముడిని మార్చకూడదు, లతను మార్చవచ్చు.

నీటిరంగు

కలంకారిపని గారూ, "రాముడిని మార్చకూడదు, లతను మార్చవచ్చు" అన్న మాట దగ్గర చాలాసేపు ఆగిపోయాను. లేపాక్షి వెళ్లినప్పుడు నేను చూసింది అదే. విజయనగర కాలం, పదహారో శతాబ్దపు గుడి. మండపం కప్పు మీద పార్వతీ కల్యాణం, కిరాతార్జునీయం. మెడలు విరిగేలా పైకి చూస్తుంటే దేవుళ్ల కన్నా చుట్టూ నిలబడిన ఆడవాళ్ల చీరలు నన్ను కట్టిపడేశాయి. ఒక చీర అంచుకూ ఇంకో చీర అంచుకూ పోలిక లేదు. గళ్లు, చుక్కలు, హంసలు, తీగలు. ఆ చిత్రకారుడి పేరు ఎవరికీ తెలియదు కానీ తన చుట్టూ ఉన్నవాళ్లు ఏం కట్టుకున్నారో ఎంత శ్రద్ధగా చూశాడో కనబడుతుంది. నేటికీ ఆ అంచులు చూసి చీరల మీద నేస్తున్నారు, అచ్చువేస్తున్నారు.

పాతచందమామ

నేను వేరే దారిలో వస్తాను. మనలో చాలామందికి మొదటి చిత్రకళా ప్రదర్శన చందమామ ముఖచిత్రం. మాది శ్రీకాకుళం. వడ్డాది పాపయ్య గారిది కూడా ఇదే ఊరు, 1921లో పుట్టారు. తండ్రి డ్రాయింగ్ మాస్టారు. ఇంట్లో ఉన్న రవివర్మ బొమ్మ చూసి పసితనంలోనే గీయడం మొదలుపెట్టారని చెబుతారు. కాబట్టి, మాస్టారూ, కాపీ కొట్టడాన్ని మరీ కోప్పడకండి. అందరూ అక్కడే మొదలవుతారు.

కానీ ఆయన అక్కడ ఆగలేదు. వ.పా. అన్న రెండక్షరాలు కనబడితే చాలు, ఆ బొమ్మలో గాలి ఎటు వీస్తోందో చెప్పగలిగేవాళ్లం. పైట ఎగిరే తీరు, చెట్టు కొమ్మ వంగే తీరు, వెనుక పలచగా కరిగిపోయే కొండ. ఋతువులను మనుషుల్లా వేశారు. చివరి రోజుల్లో అనకాపల్లి దగ్గర కశింకోటలో ఉన్నారు. ఆ దారిలో వెళ్లేటప్పుడు రైలు కిటికీలోంచి తూర్పు కనుమలను చూడండి. పొద్దున్న ఎండ ముదరకముందు ఆ కొండలు నిజంగానే పలచని ఊదా రంగులో ఉంటాయి. నేను చాలా ఏళ్లు అది ఆయన ఊహ అనుకున్నాను.

ఎర్రసుద్ద

పాతచందమామ గారి మాట నిజం. కాపీతో మొదలవడం తప్పు కాదు. అక్కడే కాపురం పెట్టడం తప్పు.

పల్లె కాక ఇంకేముంది అని అడిగేవాళ్లకు ఒక ఉదాహరణ చెబుతాను. సూర్యప్రకాశ్ గారు (1940–2019) మొదట్లో వేసినవి తుక్కు కింద పడేసిన మోటారు బండ్లు. తుప్పు, వంగిన రేకు, విరిగిన చట్రాలు. తర్వాతి కాలంలో నీటి మీద తేలే ఎండుటాకులు. రెండింటినీ పక్కపక్కన పెట్టి చూస్తే ఒకే మనిషి కన్ను కనబడుతుంది, రాలిపోయినదాని మీద, పాడైనదాని మీద నిలిచే కన్ను. పి.టి. రెడ్డి గారు 1915లో కరీంనగర్ జిల్లా అన్నారంలో పుట్టారు. తాంత్రిక చిహ్నాలూ వేశారు, చంద్రుడి మీద మనిషి కాలు మోపితే దాన్నీ వేశారు, దేశ రాజకీయాలనూ వేశారు. లక్ష్మాగౌడ్ గారిది ఉమ్మడి మెదక్ జిల్లా నిజాంపూర్. ఆయన కూడా పల్లెనే వేశారు. కానీ ఆ ఎచింగులు (లోహపు రేకు మీద యాసిడ్‌తో గీతలు దింపి కాగితం మీద అచ్చువేసే బొమ్మలు) చూడండి. మేకలు, మనుషుల కోరిక, మోటుదనం, ఏదీ కడిగి శుభ్రం చేసి పెట్టలేదు. క్యాలెండరు పల్లె కాదది.

మాస్టారి ప్రశ్నకు నా జవాబు ఇది. ప్రేరణ విషయంలో ఉండదు. ఒకదాన్ని ఎన్నాళ్లు చూశావన్న దానిలో ఉంటుంది.

గౌతమితీరం

> ప్రేరణ విషయంలో ఉండదు.

ఇక్కడ మాత్రం నేను ఒప్పుకోలేను. విషయం మీద ప్రేమ లేకుండా అన్నాళ్లు ఎందుకు చూస్తాడు? తుమ్మపూడికి చెందిన రచయిత, చిత్రకారుడు సంజీవదేవ్ చిన్న వయసులోనే ఇల్లు వదిలి హిమాలయాలకు పోయినవాడు. అక్కడి మంచుకొండలు ఆయన నీటిరంగుల్లోకి జీవితాంతం వస్తూనే ఉన్నాయి. గుంటూరు జిల్లా పల్లెలో, చేల మధ్య కూర్చుని హిమాలయాలు వేశాడు. కళ్లెదుట లేనిదాన్నే వేశాడు. దాన్ని మీ పిల్లల రెండు కొండలతో సమానం అనగలమా, మాస్టారూ? ఆ మనిషి ఆ కొండల్లో తిరిగాడు. చలి తెలుసు. కొండ మీద వెలుగు సాయంత్రం ఎంతసేపు ఉంటుందో తెలుసు.

బొమ్మలబడి

అనలేం. ఈ మాట నాకు ఎంతో పనికొస్తుంది. అందరికీ ధన్యవాదాలు, రాస్తూ ఉండండి.

ముగ్గుపిండి

ఇన్ని రోజులుగా చదువుతున్నాను, మొదటిసారి రాస్తున్నాను. ఇంతవరకు వచ్చిన పేర్లు దాదాపు అన్నీ మగవాళ్లవే. బొమ్మల్లో మాత్రం అందరూ ఆడవాళ్లే. ఎవరినీ తప్పుపట్టడం లేదు, గమనించమంటున్నాను.

దామెర్ల రామారావు భార్య సత్యవాణి గారు చిత్రకారిణి. ఆయన చెల్లెలు బుచ్చికృష్ణమ్మ గారు కూడా బొమ్మలు వేశారు. ఒకే ఇంట్లో ముగ్గురు. అయినా పిల్లలకు ఒక పేరే తెలుసు. మాస్టారూ, ఆ రెండు పేర్లు కూడా బోర్డు మీద రాయండి.

ఇంకొక సంగతి. మా అమ్మ ఏనాడూ కాగితం మీద బొమ్మ వేయలేదు. ధనుర్మాసం నెల్లాళ్లూ తెల్లవారుజామున చుక్కలు పెట్టి ముగ్గు వేసేది. ముందురోజు రాత్రి పడుకునేటప్పుడు దుప్పటి మీద వేలితో గీసుకుంటూ ఉండేది. నేను పక్కనే పడుకునేదాన్ని కాబట్టి ఆ వేలు కదలడం తెలిసేది. పదిహేనుకు ఎనిమిది చుక్కలు, సందుచుక్క, ఏ గీత ఎక్కడ తిరిగి ఎక్కడ కలవాలి అని. పొద్దున ఏడు దాటాక సైకిళ్లు తొక్కేసేవి, పదికల్లా చెరిగిపోయేది. మర్నాటికి ఇంకొకటి. నేను ఇప్పుడు కాన్వాసు మీద అక్రిలిక్ వేస్తాను. మీ ప్రేరణ ఏమిటి అని ఎవరైనా అడిగితే నాకు ముగ్గు కూడా కాదు, దుప్పటి మీద ఆ వేలు గుర్తుకొస్తుంది. దాన్ని ఎట్లా వేయాలో ఇంతవరకు తెలియలేదు. మూడు సార్లు వేసి చెరిపేశాను.

కలంకారిపని

ముగ్గుపిండి గారూ, చెరపకండి. నాలుగోసారి వేయండి. మేము పాడైన బట్టను కూడా పారేయం, కలం పదును చూసుకోవడానికి దాచుకుంటాం.

నిర్వాహకులు

చర్చ చక్కగా సాగుతోంది. ఒక్క విన్నపం. తమకు తెలిసిన చిన్న చిత్రకారుల ఇంటి చిరునామాలు, ఫోను నంబర్లు కొందరు ఇక్కడ పెట్టారు. వాళ్ల అనుమతి లేకుండా పెట్టవద్దు. ఆ వ్యాఖ్యలు తీసివేశాం.

బొమ్మలబడి

పది రోజుల తర్వాత వస్తున్నాను. జరిగింది చెబుతాను.

కథలన్నీ ఒకేసారి చెప్పలేదు. కూల్డ్రే అజంతాకు తీసుకెళ్లిన సంగతి ఒక రోజు, ఆడవేషం కట్టిన మగవాళ్ల సంగతి ఒక రోజు (దానికి తరగతి అంతా విరగబడి నవ్వింది, ఆ తర్వాత వైకుంఠం బొమ్మ చూపిస్తే నిశ్శబ్దంగా చూశారు), పటిక నీళ్ల సంగతి ఒక రోజు. సత్యవాణి, బుచ్చికృష్ణమ్మ పేర్లు బోర్డు మీద రాశాను. తర్వాత, "ఇవాళ సాయంత్రం ఇంటికి వెళ్లి ఒకే వస్తువును పావుగంట చూడండి. రేపు వచ్చి వేయండి" అన్నాను.

మర్నాడు నలభై ఒక్క కాగితాలు వచ్చాయి. ఇరవై మూడింటిలో రెండు కొండలు, సూర్యుడు. మిగతా పద్దెనిమిదిలో గేదె కట్టుకొయ్య, గ్యాస్ పొయ్యి, అన్నయ్య బైకు, నాయనమ్మ వక్కల సంచి, టీవీ వెనుక తీగల చిక్కు ఉన్నాయి. ఒక్కటి గురించి మాత్రం వివరంగా రాయాలి.

ఒక అమ్మాయి నాన్న పంక్చర్లు వేస్తాడు. ఆమె వేసింది ట్యూబు ముంచి చూసే నీళ్ల తొట్టి. పై నుంచి చూసినట్టు వేసింది. గుండ్రటి తొట్టి, అందులో సగం మునిగిన ట్యూబు, దాన్ని నొక్కి పట్టుకున్న రెండు చేతులు. చేతుల గోళ్ల చుట్టూ నల్లటి గీత కూడా వదల్లేదు. ట్యూబు మీద ఒక చోట నుంచి బుడగలు వరుసగా పైకి వస్తున్నాయి, కింద ఆవగింజంత, పైకి వచ్చేకొద్దీ శనగగింజంత. నేనెప్పుడూ గమనించలేదు. బండి పంక్చరు అయినప్పుడు ఆ తొట్టి పక్కనే నిలబడి ఫోను చూసుకుంటూ ఉండిపోయాను కాబోలు.

పెన్సిలుతో అయితే వేసింది. రంగు దగ్గర ఆగిపోయి నా దగ్గరికి వచ్చి, "సార్, బుడగ ఏ రంగు?" అని అడిగింది. నాకు వెంటనే జవాబు తోచలేదు. తెల్లరంగు చుక్కలు పెట్టమందామనుకున్నాను. ఎందుకో నోరు రాలేదు. రేపు చెబుతానన్నాను. నీటిరంగుల్లో చేయి తిరిగినవాళ్లు చెప్పండి. మా దగ్గర ఉన్నవి బడికి ఇచ్చే బిళ్లరంగులు, మామూలు డ్రాయింగ్ కాగితం.

నీటిరంగు

మంచిపని చేశారు, తెల్లరంగు వద్దు. నీటిరంగుల్లో తెలుపంటే వదిలేసిన కాగితమే. బుడగలు ఉన్నచోట కాగితాన్ని ఖాళీగా ఉంచి చుట్టూ నీళ్లు వేయాలి. అంచుకు ఒక పక్క మాత్రం కొంచెం ముదురు, ఎదుటి పక్క లేతగా వదిలేస్తే బుడగ ఉబ్బినట్టు వస్తుంది. కానీ చిన్న చేతికి ఆవగింజంత బుడగల చుట్టూ రంగు తిప్పడం కష్టం. కాబట్టి ఒక కొవ్వొత్తి ముక్కను చెక్కి మొన తీయండి. బుడగల చోట గట్టిగా అద్దమనండి. ఆ తర్వాత పైనుంచి ధారాళంగా రంగు పూసినా మైనం మీద నిలవదు, జారిపోతుంది.

ఇంకొకటి. తొట్టి నీళ్లకు నల్ల బిళ్ల ముట్టనివ్వకండి. చచ్చిన నలుపు వస్తుంది. నీలంలో గోధుమరంగు కలపమనండి. గోధుమరంగు ఎక్కువైతే మురికి నీళ్లు, నీలం ఎక్కువైతే ఆకాశం పడిన నీళ్లు. ఏది కావాలో ఆ అమ్మాయికే తెలుస్తుంది.

కలంకారిపని

మైనం మాట వినగానే సంతోషం వేసింది. వెనుకటి రోజుల్లో బట్టను నీలిమందు తొట్టిలో ముంచేటప్పుడు నీలం అంటకూడని చోటంతా మైనం రాసి కాపాడేవాళ్లు. ఆ అమ్మాయికి ఈ సంగతి చెప్పండి, మాస్టారూ. అద్దిన తర్వాత కాగితాన్ని వెలుతురుకు ఏటవాలుగా పట్టి చూసుకోమనండి. మైనం ఉన్నచోట మెరుస్తుంది, వదిలేసిన చోట మెరవదు.

ఎర్రసుద్ద

ఆ తొట్టి బొమ్మ అయ్యాక, అమ్మాయి, వాళ్ల అమ్మానాన్న ఒప్పుకుంటే ఇక్కడ పెట్టండి. పేరు వద్దు. నేను నీళ్ల ట్యాంకులు మళ్లీ బయటికి తీశాను.

బొమ్మలబడి

కొవ్వొత్తి రెండు కొన్నాను, ఒకటి విరిగితే ఇంకొకటి ఉంటుందని. రేపు మొదటి పీరియడు మాదే. కొండలు వేసిన ఇరవై మూడు మందికీ ఆ పావుగంట పని మళ్లీ ఇచ్చాను, ఈసారి ఇంటికి కాదు, బడి పంపు దగ్గర.